విస్కీ సోర్‌కి మన నిమ్మకాయ పనికొస్తుందా? ఇంట్లో కాక్‌టెయిల్స్ కలపడం హాబీయేనా?

పటమట_రాజా
అందరికీ నమస్తే. కొంతకాలంగా ఇంట్లోనే క్లాసిక్ కాక్‌టెయిల్స్ కలపడం నేర్చుకుంటున్నాను. డైకిరీ (రమ్ము, నిమ్మరసం, పాకం కలిపేది) బాగానే కుదిరింది. విస్కీ సోర్ దగ్గరే ఇబ్బంది. రెసిపీల్లో పెద్ద పసుపు లెమన్ అడుగుతారు. విజయవాడలో మనకు మామూలుగా దొరికేది చిన్న నిమ్మకాయే. 45 మి.లీ. విస్కీ, 25 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. పంచదార పాకం (తీగ రాకుండా ఊరికే కరిగించింది). పులుపు నాలుక కోసేస్తోంది, చివర్లో చేదు తగులుతోంది. ఏం మార్చాలి?
ఇంకో సంగతి. ఇది మంచి హాబీ అని నా నమ్మకం. కొలిచి కలుపుతాం, నెమ్మదిగా తాగుతాం, స్నేహితులు ఇంటికొస్తారు. మీ అభిప్రాయాలు చెప్పండి.

బ్రాడీపేట_గుంటూరు
లెమన్ వెయ్యకపోతే అది విస్కీ సోర్ కాదండి. నిమ్మరసం కలిపిన విస్కీ, అంతే. పైగా మన దగ్గర చవగ్గా దొరికే విస్కీల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్. ధాన్యం నుంచి తియ్యకపోతే ఐరోపాలో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. క్లాసిక్ అన్నాక ఒక పద్ధతి ఉంటుంది. 1806లోనే అమెరికాలో ఒక పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో అచ్చేసింది: మద్యం, చక్కెర, నీళ్లు, బిటర్స్ (చుక్కల లెక్కన వేసే మూలికల చేదు సారం). ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్‌ని ఈనాటికీ ఆ నాలుగింటితోనే చేస్తారు. మొక్కజొన్నతో చేసే బర్బన్ విస్కీయో, రై అనే ధాన్యంతో చేసే విస్కీయో ఉండాలి, అంగోస్టురా బిటర్స్ ఉండాలి. లేవంటే వేరే పేరు పెట్టుకోండి.

ఆటోనగర్_కిరణ్
టీ ఫిల్టర్‌తో వడకట్టు అన్నా. గింజ ఒక్కటి నలిగినా చేదే.

తెనాలి_తోట
మాది నిమ్మతోట. కాయలు తెనాలి మార్కెట్ యార్డుకే వేస్తాం. రాజా గారూ, మీ చేదు రసంలోది కాదు, తొక్కలోది. స్టీలు పిండేదాంట్లో చెక్క పెట్టి తొక్క తిరగబడేదాకా నొక్కితే లోపలి తెల్లపొర చేదు, పైతొక్క నూనె రెండూ దిగుతాయి. పచ్చటి గట్టికాయ వద్దు. పసుపు తిరిగి, తొక్క పల్చగా నున్నగా ఉన్నది తీసుకోండి. బల్ల మీద అరచేత్తో దొర్లించి, అడ్డంగా కోసి, చేత్తోనే పిండండి. చివరి నాలుగు చుక్కల కోసం ఆశపడొద్దు. ఎప్పటికప్పుడు పిండుకోవాలి. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసం సాయంత్రానికి రుచి మారిపోతుంది. మన కాయ ఘాటు ఎక్కువ కాబట్టి 25కి బదులు 20 వేసి చూడండి.

గవర్నర్‌పేట_సుజాత
నాకు కాక్‌టెయిల్స్ గురించి తెలియదు, లెక్క మాత్రం అడుగుతాను. మీ డైకిరీలో రమ్ము ఎంత?

పటమట_రాజా
తోట గారూ, చాలా థాంక్స్. నేను స్టీలు పిండేదే వాడుతున్నాను, రేపటి నుంచి చేత్తోనే.
సుజాత గారూ, 60 మి.లీ. రమ్ము, 20 నిమ్మరసం, 15 పాకం.
బ్రాడీపేట గారూ, మీ మాట ఒప్పుకోను. డైకిరీ ఎలా పుట్టిందంటారు? 1898 ప్రాంతంలో క్యూబాలో డైకిరీ అనే చోట గనుల్లో పనిచేసే జెనింగ్స్ కాక్స్ అనే అమెరికన్ ఇంజనీరు కలిపాడని చెబుతారు. అక్కడ చేతికందేవి రమ్ము, నిమ్మ, పంచదార. ఉన్నవాటితో పాళ్లు కుదిర్చాడు, అదే క్లాసిక్ అయింది. మన రమ్ము మొలాసిస్ నుంచే వస్తుంది, రమ్ముకి అది తప్పు కాదు కదా. పాళ్లు, చల్లదనం, కరిగిన నీళ్లు, ఈ మూడూ సరిగ్గా పడాలి. పులుపున్నది ఊపాలి, ఉత్త మద్యంతో చేసేది చెంచాతో తిప్పాలి. ఊపినప్పుడు కరిగే ఐసు చివరికి గ్లాసులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. మే నెలలో ఫ్రిజ్‌లోంచి తీసిన చిన్న ఐసు ముక్కలు షేకర్‌లో పడేలోపే నీరుకారిపోతాయి. అందుకే ఫిల్టర్ నీళ్లు స్టీలు డబ్బాలో రాత్రంతా గడ్డకట్టించి పెద్ద ముక్కలుగా కొడతాను. షేకర్ పైన తెల్లగా మంచు పొర పట్టి, చెయ్యి అంటుకుపోయేదాకా ఊపాలి. ఆ పని మా తొమ్మిదేళ్ల బాబుది. ఆదివారం సాయంత్రం వాడే గుర్తుచేస్తాడు.

గవర్నర్‌పేట_సుజాత
60 మి.లీ. అంటే లార్జ్ పెగ్గు. 42.8 శాతం రమ్ములో అది దాదాపు 26 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్. పంచదార, నిమ్మ వేసి మింగడానికి ఇంకా సులువు చేశారు. దాన్ని హాబీ అంటున్నారు. కొడుకు చేత ఊపిస్తున్నారు. మన రాష్ట్రంలో 21 నిండకపోతే మందు అమ్మకూడదని చట్టం. మీ బాబుకి తొమ్మిది.

బ్రాడీపేట_గుంటూరు
డైకిరీలో నిమ్మ సరే. దానికి వెయ్యాల్సింది నిమ్మే, లెమన్ కాదు. నేను మాట్లాడింది విస్కీ సోర్ గురించి. మాట మార్చకండి. నా బాధ చెబుతాను. ఒక బార్‌లో ఓల్డ్ ఫ్యాషన్డ్ అడిగితే సోడా పోసి, ఎర్ర చెర్రీ సిరప్ వేసి, మీద నిమ్మచెక్క పెట్టి ఇచ్చారు. ఇది కాదయ్యా అంటే, మేం ఇలాగే చేస్తాం సార్ అన్నారు. బిల్లు మాత్రం ఓల్డ్ ఫ్యాషన్డ్‌కే. ఎవడికి తోచింది వాడు కలిపి అదే పేరు పెడితే, అసలైనది అడిగేవాడికి ఏం మిగులుతుంది? ఇంట్లో మీరు చేసేదీ అదే.

పటమట_రాజా
మీ బార్‌వాళ్లు మోసం చేస్తే నా నిమ్మకాయ ఏం చేసిందండి?
సుజాత గారూ, మా బాబు చుక్క ముట్టడు. ఊపుతాడు, వాడి షర్బత్ వాడు తాగుతాడు. నేను ఒకటి కలుపుకుంటాను, దాంతో సరి. వైన్ షాపు పక్కన నిలబడి ప్లాస్టిక్ గ్లాసులో గటగటా తాగేవాళ్లని అడగండి ఈ లెక్కలు.

గవర్నర్‌పేట_సుజాత
అడిగాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లే అడిగారు. ఊరూరా అడిగితేనే 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి నిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఆ మధ్య కాలంలో మా అమ్మ నిశ్చింతగా నిద్రపోయింది. ఎత్తేశాక మా నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. అప్పుడు అమ్మ ఒకే మాట అంది: తాగితే బయట తాగు, సీసా ఈ గడప దాటకూడదు. ఆయనలో వంద లోపాలున్నా ఆ మాట మాత్రం దాటలేదు. మా తమ్ముడు ఈ రోజుకీ ముట్టడంటే ఆ గడపే కారణం. మీరు సీసాని హాల్లోకి తెచ్చి, ఐసు కొట్టి, పిల్లాడికి ఆటగా చూపిస్తున్నారు.

పటమట_రాజా
మీ నాన్నగారి సంగతి నా నెత్తిన రుద్దకండి. నేను తాగి ఎవరినీ తిట్టలేదు, జీతం తగలెయ్యలేదు. ముక్కూమొహం తెలియని మనిషిని తాగుబోతు కింద జమకట్టడం మర్యాద కాదు.

గవర్నర్‌పేట_సుజాత
తాగుబోతు అని ఎక్కడన్నాను? చూపించండి.

ఆటోనగర్_కిరణ్
అన్నా, మేడమ్, కాస్త తగ్గండి.

బ్రాడీపేట_గుంటూరు
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. నిమ్మతో చేసినదాన్ని విస్కీ సోర్ అంటారా, అనరా?

తెనాలి_తోట
అనండి, మానండి. కాయ మాత్రం తాజాది తీసుకోండి.

పటమట_రాజా
సరే, అసలు విషయం చెబుతాను. మా నాన్న ఇంట్లోనే తాగేవాడు. బీరువాలో పంచెల వెనక, పేపర్ చుట్టిన క్వార్టర్ సీసా. గది తలుపేసుకుని, నీళ్లు కూడా సరిగ్గా కలపకుండా, ఎవరన్నా వస్తారేమోనని రెండు గుక్కల్లో దించేసేవాడు. బయటికొచ్చాక వాసన అందరికీ తెలిసేది. అమ్మకి తెలుసు, నాకు తెలుసు, ఎవరం నోరెత్తేవాళ్లం కాదు. ఎంత తాగుతున్నాడో ఆయనకే తెలియలేదు, కొలత లేదు కదా. లివర్ పాడయ్యాక డాక్టరు అడిగితే మా దగ్గర చెప్పడానికి అంకె లేదు. అందుకే నేను బల్ల మీద పెడతాను. కొలిచే కప్పు మా ఆవిడ ముందు, బాబు ముందు నింపుతాను. రెండోది పోస్తే అడిగే మనిషి ఎదురుగా ఉండాలి. మీకు గడప పనిచేసింది. మా ఇంట్లో గడపా, తలుపూ కలిసి ఆయన్ని కప్పిపెట్టాయి.

గవర్నర్‌పేట_సుజాత
ఇది ముందే చెప్పాల్సింది. దాచొద్దనే మాట నాకు అర్థమైంది, మీ ఆవిడ ముందు కొలవడం మంచిదే. కానీ పిల్లాడు ఎదురుగా ఉండటం వేరు, పని వాడి చేతిలో పెట్టడం వేరు. మీ నాన్నగారిని చూసి మీరు భయపడ్డారు. మీ బాబుకి భయపడటానికేమీ లేదు, ఆదివారం వస్తే సంబరం. పదిహేనేళ్లకి వాడు స్నేహితుల ముందు ఆ షేకర్ తీస్తే ఏమని ఆపుతారు?

పటమట_రాజా
అప్పటికి వాడికి ఎంతలో ఎంత ఉందో తెలిసి ఉంటుంది. తెలియని పిల్లాడే స్నేహితులు పోసింది తాగేస్తాడు.

గవర్నర్‌పేట_సుజాత
తెలిస్తే ఆగుతారా? లెక్క తెలిసిన డాక్టర్లూ తాగుతున్నారు. వాడి చేత షర్బత్ ఊపించండి. మీది వాడు పడుకున్నాక కలుపుకోండి.

పటమట_రాజా
వాడు పడుకున్నాక అంటే మళ్లీ బీరువా దగ్గరికే. అది నావల్ల కాదు. షర్బత్ కోసం వాడికి వేరే షేకర్ కొంటాను, అంతవరకు సరే.

ఆటోనగర్_కిరణ్
మా ఇంట్లో పిల్లలు లేరు, అమ్మ ఉంది. షేకర్ సామాన్ల డబ్బాలో పెట్టాను, అమ్మకి తెలియదు. చెప్పాలా?

గవర్నర్‌పేట_సుజాత
చెప్పండి. ఆమె వద్దంటే మానెయ్యండి.

పటమట_రాజా
ఈ రోజే చెప్పు తమ్ముడూ. వద్దంటే ఎందుకు వద్దో కూర్చుని విను. మానాలా లేదా అన్నది ఆ తర్వాత నువ్వూ అమ్మా తేల్చుకోండి.