వర్చువల్ మెషీన్‌కు స్టాటిక్ (మారని) ఐపీ ఇచ్చినా డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తానే ఇచ్చే) అడ్రస్ పోవట్లేదు

వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు సర్వర్ 22.04, నెట్‌వర్క్ బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ (మెషీన్ నేరుగా రౌటర్ నెట్‌వర్క్‌లోనే ఉండే మోడ్). నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్‌ల టూల్) ఫోల్డర్‌లో 01తో మొదలయ్యే కొత్త ఫైల్ రాసి 192.168.1.50/24, గేట్‌వే 192.168.1.1 ఇచ్చాను. అందులో డీహెచ్‌సీపీ4 ఫాల్స్ అనే ఉంది. అప్లై కొడితే ఎర్రర్ లేదు, బయటికి పింగ్ కూడా వెళ్తోంది. కానీ అడ్రస్‌లు చూస్తే .50 పక్కనే రౌటర్ ఇచ్చిన .107 కూడా కూర్చుని ఉంది!

ఫైల్‌లో లైన్ల ముందు స్పేస్‌లు తేడా వచ్చాయేమోనని మూడుసార్లు లెక్కపెట్టాను, ట్యాబ్ ఎక్కడా లేదు. రెండుసార్లు రీబూట్ చేశా, అదే కథ. రౌటర్ పూల్ (అది పంచే అడ్రస్‌ల వరుస) .100 నుంచి మొదలవుతుంది కాబట్టి క్లాష్ అయ్యే అవకాశం లేదు.

తీరా చూస్తే అదే ఫోల్డర్‌లో క్లౌడ్-ఇనిట్ (బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ను సెట్ చేసే టూల్) రాసిన 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైల్ కూడా ఉంది. అందులో డీహెచ్‌సీపీ4 ట్రూ. ఇక్కడ చేసిన మార్పులు నిలవవని పైన కామెంట్ ఉండటంతో ముట్టుకోలేదు.

క్లౌడ్-ఇనిట్ నెట్‌వర్క్ సెట్టింగ్‌ను డిసేబుల్ చేసి ఈ ఫైల్ తీసేయాలా, లేక నా ఫైల్ పేరును 99తో మొదలుపెడితే సరిపోతుందా?