పిల్లప్పటి నుంచి పెంచామంటున్నారు, చెవికి మాత్రం కోత ఉంది. ఈ కుక్కను తీసుకోవచ్చా?

పెరుగన్నం

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడలో అద్దె ఇల్లు, కింది వాటా. ఇంట్లో నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే మా అబ్బాయి, మా అత్తమ్మ. కుక్క కావాలని మావాడు రెండేళ్లుగా ప్రాణం తీస్తున్నాడు. పొద్దున ఎనిమిదింటికల్లా నేనూ మా ఆయనా వెళ్లిపోతాం, చిన్న పిల్లను తెస్తే దాని వెనక తుడుచుకుంటూ ఎవరు తిరుగుతారని నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

పోయిన వారం మా స్కూల్లో పనిచేసే ఆమె వాట్సాప్ స్టేటస్‌లో ఒక కుక్క ఫొటో పెట్టింది. వాళ్ల ఎదురింటాయనదట. పూణేకి ట్రాన్స్‌ఫర్ అయింది, తీసుకెళ్లడం కుదరదు, మంచివాళ్లు దొరికితే ఊరికే ఇచ్చేస్తాను అంటున్నాడు. మగది, మూడున్నరేళ్లు, ల్యాబ్ (లాబ్రడార్) కలిసిన నాటురకం అని చెప్పాడు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. మోకాలి పైదాకా వస్తుంది, బరువు పదహారు కిలోలట.

ఆదివారం కొర్లగుంటలో వాళ్లింటికి వెళ్లి చూశాం. గేటు దగ్గర రెండుసార్లు మొరిగింది. ఆయన "బాబూ!" అనగానే ఊరుకుంది. దాని పేరే బాబు. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. మా అత్తమ్మ మా ఆయన్ని పిలిచేది కూడా "బాబూ" అనే. మా ఆయన ముఖం చూడాలి మీరు.

లోపల కూర్చున్నాక మావాడి చేతులు, జేబులు అన్నీ వాసన చూసి, చివరికి వాడి మోకాలి మీద గడ్డం ఆనించి అలాగే నిలబడింది. మావాడు అరగంట కాలు కదపలేదు. లేచేసరికి కాలు తిమ్మిరెక్కి గేటు దాకా కుంటుతూ వచ్చాడు.

నాకు మాత్రం రెండు మూడు విషయాలు మనసులో పడి తిరుగుతున్నాయి. కుక్క కుడి చెవి కొన కొద్దిగా లేదు. చిరిగినట్టు కాదు, కత్తెరతో కోసినట్టు సాఫుగా ఉంది. అడిగితే "వీధికుక్కలతో కొట్లాటలో పోయింది" అన్నాడు. అంతకు పది నిమిషాల ముందే "నలభై రోజుల పిల్లప్పుడు తెచ్చాం, గేటు దాటి ఎరగడు" అన్నది కూడా ఆయనే. తర్వాత వాళ్లావిడ మూలనున్న చీపురు తీసిందో లేదో కుక్క సోఫా వెనక్కి దూరింది. ఆమె కొట్టడానికి తీయలేదు, ఊడవడానికే తీసింది. టీకాల పుస్తకం అడిగితే "సామాన్లలో ఎక్కడో సర్దేశాం" అన్నారు.

ఇంకో సంగతి, ఇది ఈ ఊరివాళ్లకే అర్థమవుతుంది. తిరుపతిలో ఇల్లంటే చుట్టాలకు సత్రమే కదా. మా ఇంటికి నెలకు రెండు మూడు జట్లు వస్తారు. రాత్రి పదకొండింటి రైలుకు దిగి, స్నానాలు చేసి, ఒంటిగంటకు కొండకు బయల్దేరతారు. మళ్లీ దర్శనం చేసుకుని గుండ్లతో, లడ్డూ సంచులతో వేళాపాళా లేకుండా దిగుతారు. వాళ్లలో పిల్లలుంటారు, కుక్కంటే హడలిపోయేవాళ్లుంటారు. ఏ కుక్కయినా దీన్ని తట్టుకుంటుందా?

ఇంటి ఓనరమ్మ "కరవదు కదా?" అని ఒక్క మాట అడిగింది. "కరవదు" అనేశాను, నాకేదో తెలిసినట్టు. అత్తమ్మ "పూజ గదిలోకి రాకుంటే చాలు" అంది.

శనివారం లోపల చెప్పమన్నాడు. ఇచ్చేవాళ్లను ఏమేం అడగాలి? ఇంత వయసొచ్చిన కుక్క కొత్త ఇంట్లో ఇముడుతుందా?

పాత కాంపౌండరు

మేడమ్, పశువుల ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. చెవి సంగతి ముందు చెబుతాను. మున్సిపాలిటీ తరఫున వీధికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, మళ్లీ పట్టకుండా గుర్తుగా చెవి కొన కొంచెం కోసి, పట్టిన చోటే వదులుతారు. 2001లో వచ్చిన పద్ధతి ఇది. 2023లో రూల్స్ కొత్తగా రాసినా ఆ పని మారలేదు. మీరు చెప్పినట్టు సాఫుగా ఉంటే అది కొట్లాట గాయం అయ్యే అవకాశం తక్కువ. మగకుక్క కాబట్టి నిర్ధారణ సులభం. వెనక నుంచి చూస్తే వృషణాలు ఉన్నాయో లేదో తెలిసిపోతుంది.

అదే నిజమైతే మీకు నష్టమేమీ లేదు, ఆ ఖర్చు తప్పినట్టే. కాకపోతే అది కొన్నాళ్లు వీధిలో బతికిన కుక్క. చీపురు చూసి దాక్కోవడం కూడా అక్కడిదే అయి ఉండొచ్చు. వీధికుక్క మీదికి జనం మొదట ఎత్తేది చీపురే కదా.

టీకాల పుస్తకం దొరక్కపోతే టీకా వేయలేదనే అనుకోండి. ఇంకోసారి వేయిస్తే ప్రమాదం లేదు, వేయకపోతేనే ఉంది. మన దగ్గర రేబీస్ టీకా ఏడాదికోసారి వేయించాలి. వేసిన రోజే పని చేయదు, రక్షణ రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు అబ్బాయికి పన్ను గీరుకున్నా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, నేరుగా రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు, కాఫీపొడి లాంటివి పెట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం రక్తపరీక్ష. మన ఎండలకు పిడుదులు ఏడాదంతా ఉంటాయి. చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేళ్లు పెట్టి చూడండి, మినపగింజలా తగులుతుంది. ఒక్కటి కనబడినా చాలు, టిక్ ఫీవర్ లోపల ఉండొచ్చు. కుక్క పైకి తింటూ తిరుగుతూనే ఉంటుంది, లోపల ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. ఇంటికి తెచ్చాక బయటపడితే "మీరే సరిగా చూసుకోలేదు" అంటారు, అందుకే ఇచ్చేముందే ఆయన్నే వెంటబెట్టుకుని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్లండి. 1955 నుంచి ఆ కాలేజీ మన ఊళ్లోనే ఉంటే మనవాళ్లు ఇంటర్నెట్‌లో మందులు వెతుకుతారు. పళ్ల అరుగుదల చూసి వయసు కూడా ఉజ్జాయింపుగా చెబుతారు.

ఎవరో ఒకడు

ఊరికే వచ్చే ఊరకుక్కకు ఇంత విచారణా? పెళ్లిచూపులకు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు.

పెరుగన్నం

పెళ్లిచూపుల్లో అడగనందుకే ఇప్పుడు అడుగుతున్నానండీ.

కాంపౌండరు గారూ, చాలా థ్యాంక్స్. వెనక నుంచి చూడలేదు. వాళ్లందరి ముందు వంగి చూడాలంటే సిగ్గేసింది. మావాణ్ణి చూడమంటాను.

చిత్తూరు వదిన

నేను మా కుక్కను ఇచ్చేసిన మనిషిని. నన్ను తిట్టుకోకుండా చదవండి.

మా నాయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు, ఇంట్లో నేనొక్కదాన్నే. మా స్పిట్జ్‌ను చూసుకోవడం నా వల్ల కాలేదు. తీసుకోవడానికి వచ్చినవాళ్లతో "కరవదు, పిల్లల్ని ఏమీ అనదు" అని చెప్పాను. అబద్ధమేం కాదు, మా ఇంట్లో పిల్లలే లేరు. తినేటప్పుడు గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమనేది. అది మాత్రం చెప్పలేదు. చెబితే తీసుకోరని భయం. మూడో రోజు వాళ్లు ఆటోలో తీసుకొచ్చి గేటు దగ్గర దించేసి వెళ్లారు. వాళ్ల పాపకు చూపుడువేలికి కట్టు ఉంది. ఆ పాప నన్నేమీ అనలేదు, కుక్కకు టాటా చెప్పింది. ఇప్పటికీ ఆ వేలు కళ్లముందు కనిపిస్తుంది.

అందుకని "కరుస్తుందా" అని అడగొద్దు. ఎవరైనా "కరవదు" అనే అంటారు, మీరు ఓనరమ్మకు చెప్పినట్టే. "చివరిసారి ఎవరి మీద గుర్రుమంది, అప్పుడు ఏం జరిగింది?" అని అడగండి. అప్పుడు మనిషి ఆలోచించి చెప్పాల్సి వస్తుంది. గిన్నెలో అన్నం ఉండగా తీయగలరా? ఒంటరిగా ఎన్ని గంటలు ఉంటుంది, ఉన్నప్పుడు ఏం చేస్తుంది? ఇంకా మంచిది, మీ స్కూల్ ఆమెను అడగండి. ఎదురింట్లోనే కదా ఉండేది. పగలు ఆ కుక్క ఎంతసేపు ఏడుస్తుందో పెంచినవాళ్లకంటే ఎదురింటివాళ్లకే బాగా తెలుస్తుంది.

ఆయన ఊరు వదిలేలోగా మూడు నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంచుకుంటామని అడగండి. కుదరకపోతే వెనక్కి ఇవ్వడానికి మనిషి ఉంటాడు. మీ మీద నమ్మకం లేక కాదు, తిరిగి తీసుకోవాల్సి వస్తుందేమోనని భయపడి ఒప్పుకోని వాళ్లుంటే అక్కడే ఆగండి.

రేణిగుంట రోడ్డు

అక్కా, రెండు మాటలు. మేం తెచ్చుకున్న కుక్క మూడో రోజు గేటు సందులోంచి దూరి పాత ఇంటికి వెళ్లిపోయింది, నాలుగు కిలోమీటర్లు. అక్కడ తాళం వేసుంది, గడపలోనే పడుకుని ఉంది. మీకైతే కొర్లగుంట ఎంత దూరమని? మొదటి రెండు మూడు వారాలు గేటుకు గొళ్లెం, బయటికి తీస్తే తాడు, ఎంత మచ్చికైనట్టు కనిపించినా సరే. మెడ పట్టీ రెండు వేళ్లు దూరేంత వదులుండాలి, అంతకుమించి ఉంటే తల లాగేసుకుంటాడు. వాళ్లు వాడే పాత దుప్పటి ఒకటి ఉతకకుండా అడిగి తెచ్చుకోండి. తిండి కూడా వారం దాకా వాళ్లు పెట్టేదే పెట్టి మెల్లగా మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

చుట్టాల సంగతి నిజమే, మాదీ అదే కర్మ. మేం చేసిందేమంటే, ఆటో దిగగానే ఫోన్ చేయమంటాం, కుక్కను వెనక వరండాలో వేసి అప్పుడు గేటు తీస్తాం. వాళ్లు కూర్చుని నీళ్లు తాగాక తాడుతో తెస్తాం. ఎవరూ పలకరించొద్దు, చెయ్యి చాపొద్దు, లడ్డూ అసలే పెట్టొద్దు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, కుక్కకు కిడ్నీలు పోతాయి. మా పెద్దమ్మ ప్రసాదం వద్దనకూడదని ఎంత గొడవ చేసిందో.

మే నెలలో గంగమ్మ జాతర వస్తుంది. డప్పులు సరే, ఒళ్లంతా బొగ్గు పూసుకుని తోటి వేషం కట్టినవాడు గేటు ముందు నిలబడితే మనుషులకే గుండె ఆగుతుంది. ఆ వారం లోపలి గదిలో ఫ్యాన్ వేసి ఉంచండి.

పెరుగన్నం

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోవద్దు. బాబు మా ఇంటికి వచ్చి ఇవాళ్టికి పదిహేడు రోజులు.

శుక్రవారం మళ్లీ వెళ్లాను. మావాడు కుక్కను వెనక నుంచి చూసి "అవి లేవమ్మా" అని గట్టిగా అరిచాడు, వీధంతా విన్నారు. ఆయన్ని పక్కకు పిలిచి చెవి సంగతి అడిగాను. కాసేపు నేల చూశాడు. కరోనా లాక్‌డౌన్‌లో వాళ్ల ఇంటి వెనక సందులో తిరిగేదట. ఆపరేషన్ చేసి వదిలాక నీరసంగా పడి ఉంటే వాళ్లావిడ పెరుగన్నం పెట్టింది, అంతే, ఇక కదల్లేదు. "ఊరకుక్క అంటే ఎవరూ తీసుకోరని ల్యాబ్ అన్నానమ్మా" అన్నాడు. ట్రాన్స్‌ఫర్ మాత్రం నిజమే, కాగితం కూడా చూపించాడు. వయసు ఐదు దాటి ఉంటుందని డాక్టర్ అన్నారు. చిత్తూరు వదిన గారి ప్రశ్న కూడా అడిగాను. గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి మీద గుర్రుమంటాడట, సిలిండర్ దొర్లించే చప్పుడుకి. అది మా ఇంట్లోనూ చూశాం.

రక్తపరీక్షలో టిక్ ఫీవర్ తేలింది. ప్లేట్‌లెట్లు తగ్గాయి. 28 రోజులకు మాత్రలు రాశారు, సగం డబ్బు ఆయనే ఇచ్చాడు. ఆ మాత్రను పాలతో, పెరుగుతో కలిపి పెట్టొద్దన్నారు, పట్టదట. వాడికేమో పెరుగన్నం తప్ప ఇంకోటి ఎక్కదు. అందుకని పొద్దున గుడ్డు ఉడకబెట్టి, పచ్చసొనలో మాత్ర పొదిగి పెడుతున్నాను. ఎలా తెలుసుకుంటాడో, గుడ్డంతా తిని మాత్రను శుభ్రంగా నాకి నేల మీద పెడతాడు. మూడోసారికి గానీ మింగడు.

మొదటి రెండు రాత్రులు గేటు వైపు ముఖం పెట్టి పడుకున్నాడు. పాత దుప్పటి పనికొచ్చింది. ఎనిమిదో రోజు రాత్రి మా ఆయన మేనమామ వాళ్లు ఏడుగురు దిగారు, ఫోన్ చేయకుండా. వరండాలోంచి పది నిమిషాలు మొరిగి ఊరుకున్నాడు. తెల్లారి చూస్తే ఆ మేనమామ మనవరాలి చెప్పు ఒకటి వాడి దుప్పటిలో ఉంది, కొరకలేదు, ఊరికే దాచుకున్నాడు.

పేరు మార్చలేదు. అత్తమ్మే మా ఆయన్ని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. "బాబూ, అన్నానికి రా" అంటే ఇద్దరూ వస్తున్నారని ఆమె బాధ. పూజ గది గడప దాకా వచ్చి ఆగుతాడు, అది ఎవరు నేర్పారో తెలియదు.

చీపురు భయం మాత్రం అలాగే ఉంది. కొబ్బరి ఈనెల చీపురు తీసేసి మెత్తటి చీపురు తెచ్చినా అంతే, మంచం కిందికి దూరి గంటదాకా రాడు. ప్రస్తుతానికి వాణ్ణి మావాడితో వీధిలోకి పంపి, తలుపు వేసుకుని ఊడుస్తున్నాను. దీనికేమైనా ఉపాయం తెలిసినవాళ్లు చెప్పండి.