బ్రేకులకి 1,280 డాలర్లట! నిజంగా అంత పనుందా?

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి:

అందరికీ నమస్కారం. ఇండియా నుంచి మిషిగన్ వచ్చి నాలుగు నెలలైంది. 2015 మోడల్ సెడాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 92 వేల మైళ్లు తిరిగింది. ఐ-96 ఫ్రీవే మీద 70 మైళ్ల స్పీడులో పోతూ బ్రేక్ తొక్కితే స్టీరింగ్ గడగడా వణుకుతోంది. మొన్న ఆయిల్ మార్పించడానికి వెళ్తే ఓ కాగితం చేతిలో పెట్టారు. ముందు ప్యాడ్లు 4, వెనక 7, రోటార్లకి, అంటే చక్రంతో తిరిగే డిస్కులకి, తుప్పు. నాలుగు చక్రాలకీ ప్యాడ్లు, రోటార్లు, ముందు క్యాలిపర్లు (డిస్కుని రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కి పట్టేవి) కూడా మార్చాలట, మొత్తం 1,280 డాలర్లు. "ఇలా నడపడం సేఫ్ కాదు" అని కూడా అన్నారు. మన ఊళ్లో అయితే తెలిసిన మెకానిక్ ఉంటాడు. ఇక్కడ మీరే దిక్కు.

నోవై నుంచి:

తమ్ముడూ, కార్డు తియ్యకు, కాగితం మాత్రం దాచుకో.

ఆ 4, 7 అన్నవి మిల్లీమీటర్లు. ప్యాడ్ అంటే ఇనుప రేకు మీద అతికించిన మసాలా. అరిగేది ఆ మసాలా, కొలవాల్సిందీ దాన్నే, రేకుని కలపకూడదు. కొత్తగా వేసినప్పుడు ముందు ప్యాడ్‌కి అది 10 నుంచి 12 దాకా ఉంటుంది, 3కి వస్తే మార్చెయ్యాలి. స్కేలు లేకపోతే రెండు పెన్నీలు, అదే ఒక సెంటు నాణేలు, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు, 3 మిల్లీమీటర్లు. నీ వెనక ప్యాడ్లు 7 అంటే ఇంకా చాలా కాలం నడుస్తాయి, వాటి జోలికి పోకు. బ్రేక్ వేసినప్పుడు బండి బరువంతా ముందుకి వాలుతుంది, అందుకే ముందువి తొందరగా అరుగుతాయి.

రోటార్‌కి తుప్పంటావా, మిషిగన్‌లో తుప్పు లేని రోటార్ ఎక్కడుంది? అది పోత ఇనుము. రాత్రి వాన పడితే తెల్లారేసరికి ఎర్రబడుతుంది, నాలుగుసార్లు బ్రేక్ తొక్కితే ప్యాడే గీకేస్తుంది. అంచుల్లో తుప్పు చూసి భయపడకు. ప్యాడ్ రాసుకునే ముఖం మీద గుంటలు పడితే, బండి చల్లారాక గోరు పెట్టి లాగితే లోతుగా గాడులు తగిలితే అప్పుడు ఆలోచించాలి. ఇంతకంటే పల్చబడకూడదని రోటార్ మీదే అంకె చెక్కి ఉంటుంది. "కొలిస్తే ఎంతొచ్చింది, దాని మీద ఎంత రాసుంది?" అని ఆ షాపువాళ్లనే అడుగు. నీళ్లు నమిలారంటే కొలవలేదన్నమాటే.

వణుకు మాత్రం నిజమైన జబ్బే. రోటార్ వంగిందంటారు గానీ చాలాసార్లు అది వంగడం కాదు, మందం చుట్టూ ఒకేలా లేకపోవడం. చక్రం బిగించే హబ్‌కీ రోటార్‌కీ మధ్య తుప్పు పొర చేరినా, టైర్లు మార్చేటప్పుడు ఇంపాక్ట్ గన్‌తో నట్లు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగించినా రోటార్ వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగుతూ తిరుగుతుంది. అలా వేల మైళ్లు ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుంటే అక్కడ పల్చబడుతుంది. స్టీరింగ్ వణికితే మామూలుగా ముందు రోటార్లు, సీటు వణికితే వెనకవి. కాబట్టి ముందు ప్యాడ్లూ రోటార్లూ కలిపి మార్చు. అరిగిన ప్యాడ్లని కొత్త రోటార్ మీద వెయ్యడం ఉత్త పిసినారితనం. క్యాలిపర్లు ఎందుకన్నారో అడుగు. ఫ్లూయిడ్ కారుతుంటే, ప్యాడ్‌ని తోసే పిస్టన్ ఇరుక్కుంటే సరే, లేకపోతే వద్దు.

ఇంకో మాట, ఏమీ అనుకోకు. బ్రేక్ మీద ఎడమ కాలు పెడుతున్నావా? ఇండియాలో క్లచ్ తొక్కిన కాలు కదా, ఆటోమేటిక్‌లో దానికి పని లేక నేనూ మొదటి ఏడాది బ్రేక్ మీద ఆనించి నడిపాను. తిరుమల ఘాట్ దిగేటప్పుడు, గేరు తగ్గించకుండా బ్రేకు మీదే దిగే బళ్ల దగ్గర మాడు వాసన వస్తుంది చూడు, ఐ-696 ట్రాఫిక్‌లో నా బండి నుంచి అదే వాసన. 18 వేల మైళ్లకే ప్యాడ్లు అయిపోయాయి.

ట్రాయ్ నుంచి:

అన్నగారు చెప్పింది నిజమే గానీ అందరూ ఆయనలా కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు కారు కదా. నాలాంటివాళ్ల కోసం చెప్తున్నా. బాబూ, ఇంకో రెండు చోట్ల ముందు చక్రాలకి మాత్రమే ఎంతవుతుందో అడుగు. మిషిగన్‌లో రిపేరు షాపుకి రాష్ట్రం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, పని మొదలెట్టేముందు రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇవ్వాలి. విప్పిన పాత భాగాలు నాకు చూపించండి అని ముందే చెప్పు. ఆ ఒక్క మాటకే సగం మంది దారిలోకి వస్తారు.

సన్నగా కీచుమని కూత వస్తే భయం లేదు, ప్యాడ్ అయిపోవస్తోందని చెప్పడానికే దానికో చిన్న రేకు పెడతారు. గరగరమని ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్న చప్పుడైతే మాత్రం ఆ రోజే ఆపెయ్యి. ఇక్కడ మనకి ఏడాదికోసారి చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ లేదు, నీ బండిని నువ్వే చూసుకోవాలి.

కాంటన్ నుంచి:

సొంతంగా చేస్తే సగం కూడా కాదు. విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కడితే పనిముట్లు అరువిస్తారు. కానీ నా తప్పు నువ్వు చెయ్యకు. కొత్త ప్యాడ్లు పట్టాలంటే పిస్టన్‌ని లోపలికి నొక్కాలి, ఆ తర్వాత పెడల్‌ని నాలుగైదుసార్లు పంప్ చేస్తేనే అది తిరిగి ప్యాడ్‌ని చేరుతుంది. నేను ఆ పని మరిచి రివర్స్ వేశాను. కాలు నేలదాకా పోయింది, బండి మాత్రం ఆగలేదు. పక్కింటివాళ్ల మెయిల్‌బాక్స్‌కి కొత్తది నేనే కొనిచ్చాను.

అలాగే బ్రేక్ ఫ్లూయిడ్ తగ్గిందని మధ్యలో పొయ్యకు. ప్యాడ్లు అరిగేకొద్దీ అది కొంచెం దిగడం మామూలే. నిండా పోసి పిస్టన్ నొక్కితే పైకి పొంగి పెయింటు తినేస్తుంది.

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి:

అందరికీ చాలా థాంక్స్. ఎడమ కాలు సంగతి నిజమే, సిగ్గుగా ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి చక్రం వెనక నుంచి ఫోన్ లైటు వేసి చూశాను. బయటి ప్యాడ్లు రెండు పెన్నీల కంటే ఎక్కువే. కానీ డ్రైవర్ వైపు లోపలి ప్యాడ్ ఒక్క పెన్నీ అంత కూడా లేదు! వాళ్లు రాసిన 4 బయటిదేనా?

నోవై నుంచి:

బయటిదే. చక్రం విప్పకుండా చువ్వల్లోంచి చూసి రాసుంటారు. లోపలిది అలా అరిగిందంటే క్యాలిపర్ జారాల్సిన పిన్ను, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి పట్టేసి ఉంటుంది. పిన్ను తీసి శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాస్తే చాలా వరకు సరిపోతుంది, పిన్ను రాకపోతే అది దిగే బ్రాకెట్ మారుద్దాం.

అప్పటిదాకా ఫ్రీవే ఎక్కకు. ఆఫీసుకి ఎవరితోనైనా వెళ్లు. కారు ఏ కంపెనీదో, ఏ మోడలో నాకు మెసేజ్ పెట్టు, ముందు రోటార్లు, ప్యాడ్లు ఇవాళే ఆర్డర్ చేస్తా. ఉప్పుకి తట్టుకునే పూత ఉన్నవి తీసుకుందాం. మీ అపార్ట్‌మెంట్ లాట్‌లో బండి విప్పనివ్వరు, శనివారం పొద్దున ఎనిమిదింటికి మా డ్రైవ్‌వేకి రా. జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్ నా దగ్గరున్నాయి. పాత చొక్కా వేసుకో, మీ వదిన ఉప్మా చేస్తానంటోంది.

కాంటన్ నుంచి:

నేనూ వస్తా. పెడల్ పంప్ చేసే డ్యూటీ నాది.