కార్తీక వనభోజనాలు, నవంబరు 8: ఏ కాన్యన్‌కి పోదాం?

సమన్వయకర్త, సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. తారీఖు ఖాయం: నవంబరు 8, శనివారం. 15న పెట్టుకుందామని కొందరన్నారు గానీ ఆ రోజు ఏకాదశి. ఉపవాసం ఉండే పెద్దవాళ్ళని పిలిచి వాళ్ళ ఎదురుగా పులిహోర తింటూ కూర్చోలేం.

ఇక తేలాల్సింది చోటు. ప్రతి ఏడూ అదే పార్కు, అదే షెల్టరు, అదే అంత్యాక్షరి. ఈసారి దక్షిణ కాలిఫోర్నియా ఎడారి వైపు, పామ్ స్ప్రింగ్స్ దాకా, అక్కడి కాన్యన్లకి (కొండల మధ్య లోయలకి) పోదామంటే కమిటీ సరేనంది. పేర్లిచ్చినవాళ్ళలో స్ట్రోలర్లో వచ్చేవాళ్ళున్నారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలున్నారు, హాఫ్ మారథాన్లు పరిగెత్తేవాళ్ళూ ఉన్నారు. అందరూ ఒకే దారిన నడవక్కర్లేదు. కానీ కార్లు ఒకే చోట ఆగాలి, భోజనం ఒకే చోట జరగాలి. ఆ షరతుకి నిలిచే చోటు చెప్పండి.

యూత్ టీం, సోమవారం రాత్రి

అన్నా, లాడర్ కాన్యన్! మెక్కా హిల్స్‌లో ఉంది. రెండు రాతి గోడల మధ్య మనిషి పట్టేంత సందు, మధ్యమధ్యలో నిచ్చెనలు ఎక్కుతూ పోవడమే. ఫొటోలు చూస్తే మీరు కూడా ఇక వేరే చోటు అడగరు.

ఫస్ట్ ఎయిడ్, మంగళవారం

తమ్ముడూ, ఫొటోలు మంచిగనే ఉంటయి. గా నిచ్చెన మీద మా అత్తమ్మను నువ్వెక్కిస్తవా? దింపేటప్పుడు నేనొస్త, స్ట్రెచర్ పట్టుకొని.

సమన్వయకర్త, మంగళవారం

అక్క మాటే నా మాట. పైగా అక్కడికి చేరాలంటే చివరి మైళ్ళు మట్టి రోడ్డు, ఇసుకలో కూరుకుపోతే మన మినీవ్యాన్లు లాగేవాళ్ళు ఉండరు. యూత్ టీం వేరుగా ఓ శనివారం, తెరిచి ఉంటే, వెళ్ళిరండి, నేనూ వస్తాను. వనభోజనాలకి మాత్రం వద్దు.

ట్రెజరర్, మంగళవారం

జాషువా ట్రీ నేషనల్ పార్కులో 49 పామ్స్ ఒయాసిస్ ఎలా ఉంటుంది? చాలామంది దగ్గర నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంది కదా, ఖర్చు కలిసొస్తుంది. రానూపోనూ 3 మైళ్ళే.

సమన్వయకర్త, మంగళవారం

3 మైళ్ళు నిజమే అండీ. కానీ మధ్యలో ఒక గుట్ట అడ్డం. పోయేటప్పుడు ఎక్కి దిగాలి, వచ్చేటప్పుడు మళ్ళీ ఎక్కి దిగాలి, ఒక్కో వైపు ఎక్కుడు సుమారు 300 అడుగులు. ఒయాసిస్సు దగ్గరికి చేరేదాకా చెట్టు నీడన్న మాట లేదు. ఇలాంటి చోట పెద్దవాళ్ళు పోయేటప్పుడు హుషారుగానే ఉంటారు. ఇబ్బందంతా తిరుగు దారిలో. చోటు ఎంచుకునేటప్పుడు అందరం వెళ్ళే దారి ఫొటోలే చూస్తున్నాం, వచ్చే దారి ఎంత ఎక్కుడో ఎవరూ అడగట్లేదు. నేను మాత్రం అదే మొదట చూస్తాను.

నా ప్రతిపాదన ఇండియన్ కాన్యన్స్. పామ్ స్ప్రింగ్స్ ఊరి దక్షిణపు కొసన ఉంటాయి. ఇది నేషనల్ పార్కు కాదు, స్టేట్ పార్కూ కాదు. అగ్వా కాలియెంటె కహుయా అనే స్థానిక అమెరికన్ తెగవారి సొంత భూమి (రిజర్వేషన్), నడిపేది కూడా వాళ్ళే. కాబట్టి ట్రెజరర్ గారూ, ఆ పాస్ ఇక్కడ చెల్లదు. టికెట్ కారుకి కాదు, మనిషికి. లెక్క అలా వేసుకోండి. ఒకే గేటు దాటితే లోపల మూడు కాన్యన్లు, మన మూడు రకాల జనానికీ సరిపోతాయి.

ఆండ్రియాస్ కాన్యన్: పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు. చుట్టూ తిరిగొస్తే ఒక మైలు. కార్లు ఆపిన చోటి నుంచే వాగు గలగల వినిపిస్తుంది. వాగు పక్కనే, తాటిజాతి చెట్ల నీడలో దారి. చుట్టూ అర మైలు మేరలో 150కి పైగా మొక్కల జాతులున్నాయని లెక్కగట్టారు. ఒక్క జాగ్రత్త: పైకి వెళ్ళాక దారి వాగు దాటి, అవతలి గట్టు మీదుగా తిరిగొస్తుంది. అక్కడ నీడ ఉండదు, ఒక పక్క పల్లం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని ఆ గట్టు ఎక్కించొద్దు. వాగు వెంట పోయి, వాగు వెంటే వెనక్కి తీసుకురండి. స్ట్రోలర్లు కార్లోనే వదలాలి. రాళ్ళూ మెట్లూ ఉన్నాయి, నడవలేని పిల్లల్ని వీపు మీద మోయాల్సిందే.

మర్రీ కాన్యన్: బాగా నడిచేవాళ్ళు, యూత్ టీం. ఆండ్రియాస్ దగ్గర బల్లలున్న చోటి నుంచే మొదలు. ముందు బయలు ఎడారిలో కొంత దూరం ఎండలో నడక, తర్వాత కాన్యన్లోకి దిగి వాగుని ఇటూ అటూ పదే పదే దాటుకుంటూ సెవెన్ సిస్టర్స్ జలపాతం దాకా. రానూపోనూ సుమారు 4 మైళ్ళు. బూట్లు తడవకుండా తిరిగొస్తామనుకోకండి. అదనంగా ఒక జత సాక్సు.

పామ్ కాన్యన్: మధ్యరకం. 15 మైళ్ళ పొడవు, కాలిఫోర్నియా ఫ్యాన్ పామ్‌లు (ఇందాక చెప్పిన తాటిజాతి చెట్లు) ఉన్న ఒయాసిస్సుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా దీనికే పేరు. పైన ట్రేడింగ్ పోస్ట్ అనే చిన్న దుకాణం, అక్కడి నుంచి చెట్ల మధ్యకి నిటారుగా దిగే దారి. దిగడం రెండు నిమిషాల పని. మళ్ళీ ఎక్కాలి, మర్చిపోకండి. పై నుంచి చూసి వచ్చేసినా డబ్బులు దండగ కాదు. కార్లు ఒకే చోట అన్న నా షరతుకి ఇదొక్కటే మినహాయింపు: పార్కింగు వేరు కాబట్టి ఇక్కడికి వెళ్ళేవాళ్ళు వేరే కార్లలో ఎక్కండి.

మాస్టారు (పెద్దల విభాగం), మంగళవారం రాత్రి

మంచి ఎంపిక. రెండు ముక్కలు చెప్తాను, పిల్లలకి బస్సులో, అదే, కార్లలో చెప్పడానికి పనికొస్తాయి.

ఎడారిలో చెట్లు గుంపుగా కనబడితే నీళ్ళు ఏ దారిన వచ్చాయో అడగాలి. ఇండియన్ కాన్యన్స్‌కి నీళ్ళు పక్కనున్న శాన్ హసింటో కొండల మీద మంచు కరిగి, వాన కురిసి దిగివచ్చే వాగులవి. ఆ శిఖరం ఎత్తు 10,834 అడుగులు, ఊరు దాని పాదాల దగ్గర. లోయకి అవతలి వైపున్న థౌజండ్ పామ్స్ ఒయాసిస్సుది వేరే కథ. అక్కడ శాన్ ఆండ్రియాస్ భ్రంశం (నేలలోని పెద్ద పగులు) వెంట నలిగి పిండైన రాయి భూమి లోపల అడ్డుకట్టలా నిలబడింది. కింద పారే నీరు దాన్ని దాటలేక పైకి ఊరుతుంది. ఆ ఊట వెంటే చెట్లు మొలిచాయి. భూకంపాలకి మనం భయపడే ఆ పగులే అక్కడ చెట్టుకి నీళ్ళు పోస్తోంది.

ఇక చెట్టు. ఆకు చూడగానే మన ఆడవాళ్ళంతా తాటాకు అంటారు, చూడండి. విసనకర్ర ఆకు, నిలువు మాను. ముంజలు మాత్రం అడగొద్దు, కాయ బఠాణీ గింజంత. కహుయా వాళ్ళు ఆ కాయ తిన్నారు, ఆకుతో ఇళ్ళు కప్పారు, చెప్పులూ బుట్టలూ అల్లారు. ఎండిన ఆకులు రాలిపోవు. మాను చుట్టూ లంగా కట్టినట్టు కింద దాకా వేలాడతాయి. అందులో గబ్బిలాలూ పిట్టలూ ఉంటాయి, పిల్లల్ని చేతులు పెట్టనీయకండి.

వంటల టీం, బుధవారం

మాస్టారూ, ఆ ఎండుటాకుల మాట విన్నాక నాకు ఒకటే భయం. కార్తీకమాసం కదా, ఉసిరికాయ మీద ఒత్తి వెలిగించాలని పెద్దమ్మలు కొందరు ఇప్పటికే ఫోన్లు చేస్తున్నారు. ఉసిరిచెట్టు కింద భోజనం ఎటూ లేదు, దీపమైనా పెట్టుకుంటామంటున్నారు.

సమన్వయకర్త, బుధవారం

వదినా, గట్టిగా చెప్పేయండి: కాన్యన్లలో నిప్పు పూర్తిగా నిషిద్ధం. స్టవ్వు, బార్బెక్యూ, అగరొత్తి, దీపం, సిగరెట్టు ఏదీ కుదరదు. మందూ అంతే. ఇది మన సరదా కోసం సడలించే నియమం కాదు. అది వాళ్ళ పూర్వీకుల ఊళ్ళున్న చోటు, వాళ్ళకి పవిత్రం. మన గుడిలోకి ఎవరైనా చెప్పులతో వస్తే మనకెలా ఉంటుందో చెప్తే పెద్దమ్మలకి మనకంటే ముందు అర్థమవుతుంది. దీపాలు పొద్దున్నే ఇంట్లో పెట్టుకుని బయలుదేరమనండి.

యూత్ టీం, బుధవారం

ఉసిరికాయ మీద ఎల్‌ఈడీ పెడదామా?

వంటల టీం, బుధవారం

నువ్వు ఆ మాట మా అత్తయ్య ముందు అను, నాన్నా. తర్వాత మాట్లాడుకుందాం.

భోజనం సంగతి. వేడిచేసే వీలు లేదు కాబట్టి పులిహోర, దద్ధ్యోదనం, గోంగూర పచ్చడి, ఉసిరి పచ్చడి, మిరపకాయ బజ్జీల బదులు చెక్కలు. దద్ధ్యోదనం ఐసు పెట్టిన కూలర్లో వేరుగా, పెరుగు తక్కువ, పాలు ఎక్కువ కలిపి. మధ్యాహ్నానికి పులవదు. ఆండ్రియాస్ దగ్గర బల్లలు కొన్నే, అవి అందరివీ. మనం మంద వెళ్ళి ఆక్రమిస్తే బావుండదు. ఊళ్ళో రూత్ హార్డీ పార్కు ఉంది. అక్కడ కూర్చుందాం, బుకింగ్ సంగతి నేను సిటీ వాళ్ళతో మాట్లాడతాను. కాన్యన్లోకి వేరుశనగ చిక్కీ, అరటిపళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ చిన్న సీసాల్లో. అరటి తొక్క కూడా వెనక్కి తేవాల్సిందే.

ఫస్ట్ ఎయిడ్, బుధవారం రాత్రి

నా లిస్టు. నీళ్ళు: ఆండ్రియాస్‌కు మనిషికి 2 లీటర్లు, మర్రీకి 3. నవంబర్ గదా, చల్లగుంటదని బాటిల్ కార్లో వదిలేసిపోతరు. ఎడారిల చెమట వచ్చినట్టే తెల్వది, ఎప్పటికప్పుడు ఆరిపోతది. దాహం గాకముందే తాగిపియ్యాలె. షుగర్, బీపీ గోలీలు పొద్దున ఏసుకున్నరా అని పెద్దోళ్ళను కారు ఎక్కేటప్పుడే అడగండి, కొండల కాడ గాదు.

ఇంకోటి, ప్రతి గ్రూపుకు ఒక దువ్వెన. నవ్వకండి. చోయా అని ఒక ముళ్ళ మొక్క, దూరంకెళ్ళి మెత్తగ, తెల్లగ మెరుస్తది. జర తాకితే చాలు, ముళ్ళ ఉండ ఊడొచ్చి కాలికో చేతికో పట్టుకుంటది. చేత్తోని పీకితే ఆ చేతికి గుచ్చుకుంటది. దువ్వెన పండ్లు ముళ్ళకూ తోలుకూ నడుమ పెట్టి ఒక్కపారి ఎగజిమ్మాలె. మిగిలిన సన్న ముళ్ళకు పట్టుకారు. చెప్పులేసుకొని వచ్చేటోళ్ళను నేను కారు దిగనియ్య. పాములు రాళ్ళ సందుల్ల ఉంటయి, కనపడని కాడ చెయ్యి పెట్టొద్దు, బండ మీద కూసునేముందు చూసి కూసోవాలె.

పిల్లల విభాగం, గురువారం

ఆండ్రియాస్‌లో బండల మీద గుంటలుంటాయి, కహుయా ఆడవాళ్ళు గింజలు దంచుకున్న రోళ్ళు. పిల్లలకి ఒక కాగితం ఇస్తాను: రోలు కనిపెట్టాలి, హమ్మింగ్‌బర్డ్‌ని చూడాలి, ఎండుటాకుల లంగా ఉన్న చెట్టూ లేని చెట్టూ పక్కపక్కన గీయాలి. ఏరుకోవడం మాత్రం లేదు. రాయీ గింజా ఏదీ జేబులోకి వెళ్ళకూడదు. సీజన్లో రేంజర్లు మాట్లాడుతూ నడిపిస్తారట కదా, ఆ పొద్దున ఉంటే పిల్లల్ని అందులో కలపొచ్చా?

సమన్వయకర్త, గురువారం

తప్పకుండా. గుంపుగా వస్తున్నామని గేటు వాళ్ళకి నేను ముందే ఫోన్ చేస్తాను, అదీ అడుగుతాను. ఇంకో మాట, బ్లూటూత్ స్పీకర్లు కార్లలోనే. వాళ్ళు చెప్పినా చెప్పకపోయినా ఇది మన నియమం. నాలుగు కుటుంబాలు నాలుగు పాటలు పెడితే వాగు చప్పుడు వినడానికి అంత దూరం పోవడమెందుకు? కుక్కలకి ప్రవేశం లేదు, డ్రోన్లకీ లేదు. టామీని తెస్తామన్న ఇద్దరికీ విడిగా చెప్పాను, ఒకరు అలిగారు.

టైము. గేటు 8కి తెరుస్తారు. కాబజాన్‌లో, డైనోసార్ బొమ్మల దగ్గర, 7:30కి కలుద్దాం. బాత్రూం, పెట్రోలు అక్కడే. అక్కడి నుంచి సుమారు 40 నిమిషాలు. ‘మన టైము’ ఈసారి పనికిరాదు. ఆలస్యంగా వస్తే ఎండలో నడుస్తారు, అంతే. మధ్యాహ్నం వెళ్దామన్నవాళ్ళకి జవాబు: నవంబరు 2న గడియారాలు వెనక్కి జరుగుతాయి, 5 లోపే పొద్దు గూకుతుంది. కొండ పడమర వైపు ఉంది కాబట్టి కాన్యన్లో ఇంకా ముందే నీడ కమ్ముతుంది. గేటు 5కి మూస్తారు.

కార్పూల్ టీం, గురువారం

వాన పడితే?

సమన్వయకర్త, గురువారం రాత్రి

వాన మన నెత్తిన పడక్కర్లేదు. పైన కొండ మీద పడితే చాలు, కింద ఆకాశం నీలంగా ఉండగానే వాగు పొంగుతుంది. 2019 ఫిబ్రవరి 14 వానకి ఈ కాన్యన్లలో దారులు కొట్టుకుపోయి మూసేశారు. 2023 ఆగస్టులో హిల్లరీ తుపాను వచ్చినప్పుడు ఐ-10 హైవే మీదకే బురద వచ్చింది. కాబట్టి ముందు రోజు, నవంబరు 7 శుక్రవారం సాయంత్రం 6కి వాతావరణం చూస్తాను. కొండ మీద వాన సూచన ఉంటే నడక రద్దు, భోజనం మన మామూలు పార్కులో. ఓటింగు పెట్టను, నా మీద కోపమొచ్చినా సరే.

లోపల ఫోను సిగ్నల్ నమ్ముకోవద్దు. ప్రతి గ్రూపుకీ ముందొకరు, చివరొకరు. చివరివాళ్ళని దాటి ఎవరూ వెనక మిగలకూడదు. 12కి అందరూ కార్ల దగ్గర. 12:30కి పార్కు.

ట్రెజరర్, శుక్రవారం

టికెట్ల డబ్బు తల ఒక్కింటికి, బుధవారం లోపు జెల్ (Zelle) యాప్‌లో పంపండి. డబ్బు పంపితేనే పేరు లెక్క. ‘అక్కడిస్తాం’ అనేవాళ్ళకి నా నమస్కారం.

కార్పూల్ టీం, శుక్రవారం

ఏడు సీట్ల బళ్ళు ఇంకా రెండు కావాలి, ఒకటి పామ్ కాన్యన్ వాళ్ళకి. అర్వైన్ నుంచి బయలుదేరేవాళ్ళు 6కి కదలాలి.

సమన్వయకర్త, శుక్రవారం

ఆండ్రియాస్ గుంపుకి ముందు మాస్టారు. చివర నడిచేవాళ్ళు ఇంకా దొరకలేదు. ఓపిక ఉన్నవాళ్ళు కావాలి, వేగం అక్కర్లేదు.

యూత్ టీం, శుక్రవారం

నేను నడుస్తా అన్నా. మర్రీకి మావాళ్ళు పోతారులే. అక్కా, ఆ దువ్వెన నాకివ్వండి.