విడాకులు అయిపోయాయి, అప్పులు అవ్వలేదు

"నెలాఖరు" అనే పేరుతో ఒకరు అడిగారు:

నాకు ఇది మొదటి పెళ్లి, ఆయనకు రెండోది. పెళ్లయి 19 నెలలు. ఇద్దరం ఉద్యోగస్తులమే. విడాకుల కేసు నాలుగేళ్లు నడిచిందనీ, లాయర్ ఫీజులకు కొంత అప్పు అయిందనీ పెళ్లికి ముందే చెప్పారు. ఆ "కొంత" ఎంతో నేను అడగలేదు. అడిగితే లెక్కలు చూసుకుని పెళ్లి చేసుకుంటోంది అనుకుంటారేమోనని మొహమాటం. ఆ మొహమాటానికి వడ్డీ ఇప్పుడు కడుతున్నాను.

పోయిన నెల ఆయన ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి స్నానానికి వెళ్లారు. ఒకే నంబర్ నుంచి ఆరుసార్లు మోగింది. ఏడోసారి నేను ఎత్తాను. అవతలి అమ్మాయి ఆయన మొదటి భార్య పేరు పెట్టి, "మేడమ్, లోన్‌లో మీ పేరు కూడా ఉంది కదా, ఈ నెల కంతు ఇంకా పడలేదు" అంది. "ఆవిడ నేను కాదండీ" అని పెట్టేశాను. బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. ఆయన విన్నారని నాకు తెలుసు. బయటికి రావడానికి పది నిమిషాలు పట్టింది.

ఆ రాత్రి అల్మరా పై అరలోంచి ఒక ప్లాస్టిక్ ఫైల్ దింపారు. చుట్టూ ఉన్న రబ్బర్ బ్యాండ్ లాగగానే తెగిపోయింది. అంటే ఆయన కూడా దాన్ని ఎప్పుడో కానీ తెరవడం లేదన్నమాట.

లోపల ఉన్నవి ఇవి. వాళ్లిద్దరి పేరు మీదున్న ఫ్లాట్ లోన్. ఫ్లాట్‌లో ఆవిడ ఉంటున్నారు, కంతులు ఆవిడే కట్టాలని కోర్టు ఒప్పందంలో ఉంది. ఒక నెల కడతారు, ఒక నెల కట్టరు. లాయర్ల కోసం తీసుకున్న పర్సనల్ లోన్ ఒకటి. రెండు క్రెడిట్ కార్డులు, రెండింటికీ మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన చిన్న భాగం మాత్రమే కడుతున్నారు. వాళ్ల అక్క దగ్గర చేబదులు. ఇవి కాక వాళ్లిద్దరి బాబుకి నెలనెలా పంపే డబ్బు.

ఆయన జీతం 100 అనుకుంటే బాబుకి 14, పర్సనల్ లోన్‌కి 18, కార్డులకు 9, ఆవిడ కట్టని నెలల్లో ఫ్లాట్‌కి 20. మొత్తం 61. వాళ్లక్కకి ఇంతవరకూ పైసా వెళ్లలేదు. మిగిలిన 39తో, నా జీతంతో ఇల్లు నడుస్తోంది. నేనేమో ఇన్నాళ్లూ ఆయన చేతికి ఎముక లేదు కాబట్టి మిగలడం లేదనుకునేదాన్ని!

ఇప్పుడు ఆయన అడుగుతున్నది: "నీ క్రెడిట్ స్కోర్ బాగుంది కదా, నీ పేరు మీద ఒక లోన్ తీసుకుని రెండు కార్డులూ మూసేద్దామా?" వడ్డీ తగ్గుతుంది, మాట నిజమే. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎన్నడూ చూడని మనిషి మీద కోపం వస్తోంది. ఇంకో మాట, సిగ్గుగానే చెబుతున్నాను, ఆ 14 అంకె చూసినప్పుడు కూడా మనసు చివుక్కుమంటోంది. ఎనిమిదేళ్ల పిల్లాడు. వాడు నాకేం చేశాడని?

సంతకం పెట్టాలా వద్దా? ఆ ఫ్లాట్ లోన్ నుంచి ఆయన బయటపడే దారి ఉందా? ఇల్లు కోర్టులా మారకుండా ఈ మాటలు ఎలా మాట్లాడుకోవాలి?

---

పాత బాకీల గుమాస్తా రాశారు:

అమ్మా, నేను లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఫ్లాట్ సంగతి. కోర్టు ఒప్పందం వాళ్లిద్దరి మధ్య. బ్యాంకు ఆ కేసులో లేదు, ఆ కాగితానికి కట్టుబడి ఉండదు. ఇద్దరూ కలిసి తీసుకున్న లోన్ అంటే చెరిసగం అని చాలామంది అనుకుంటారు. కాదు, మొత్తానికి ఇద్దరూ బాధ్యులే. ఆవిడ కట్టకపోతే ఆయన్ని అడుగుతారు, ఇద్దరి స్కోరూ పడిపోతుంది. కాబట్టి పంతానికి పోయి కట్టడం మానేయకండి. కట్టిన ప్రతి కంతుకీ రసీదు దాచి, ఆ లెక్కతో లాయర్ ద్వారా కోర్టుకి వెళ్లమనండి. ఒప్పందం అమలు చేయించమని అడగొచ్చు. కంతు పడని రోజునే తెలిసేలా బ్యాంకు మెసేజ్‌లు ఆయన ఫోన్‌కి కూడా వచ్చే ఏర్పాటు చేయించుకోవాలి. పెనాల్టీ పడ్డాక తెలిస్తే ఏం లాభం?

శాశ్వతంగా బయటపడాలంటే ఫ్లాట్ అమ్మి లోన్ మూసేయాలి, లేదా ఆవిడ తన ఒక్కరి పేరు మీదికి మార్చుకోవాలి. రెండోది అడగ్గానే అయ్యేది కాదు. ఆవిడ ఆదాయం ఒక్కటే సరిపోతుందా లేదా అని బ్యాంకు మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. సరిపోకపోతే ఆయన పేరు తీయరు. ఇంటి కాగితాల్లో పేరు తీసేసి లోన్‌లో ఉంచేసుకున్న అమాయకుల్ని కూడా చూశాను, ఇల్లు లేదు కానీ అప్పు ఉంది!

ఇక కార్డులు. మినిమమ్ కడుతున్నాం కదా అన్న ధైర్యం వట్టిది. నెలకు 3 శాతం వడ్డీ, 5 శాతం మినిమమ్ డ్యూ అనుకుని లెక్క వేయండి. 100 బాకీ ఉంటే, కొత్తగా ఏమీ కొనకుండా ఏడాదంతా మినిమమ్ కడితే చేతి నుంచి 55 పోతుంది, బాకీ మాత్రం 77 దగ్గర ఉంటుంది. 32 వడ్డీకే సరి. పాత బాకీ ఉండగా ఆ కార్డు మీద కొత్తగా కొంటే, మామూలుగా దొరికే వడ్డీ లేని రోజులు కూడా సాధారణంగా ఉండవు.

తక్కువ వడ్డీ లోన్‌తో కార్డులు మూయడం మంచి ఆలోచనే, ఆయన పేరు మీద దొరికితే. మీ పేరు మీద తీసుకుంటే అది మీ అప్పు, అంతే. ప్రేమతో పెట్టారా, మొహమాటంతో పెట్టారా అని మీ సంతకాన్ని ఏ బ్యాంకూ అడగదు. పెళ్లికి ముందు ఆయన ఒక్కరే చేసిన అప్పుకి సాధారణంగా మీరు బాధ్యులు కారు, కానీ ఉమ్మడి ఆస్తి గురించి చట్టాలు అన్ని చోట్లా ఒకలా ఉండవు. ఒక్కసారి లాయర్‌ని అడగండి. జాయింట్ అకౌంట్‌లో పెద్ద మొత్తాలు ఉంచకండి, ముఖ్యంగా ఆయన లోన్ ఉన్న బ్యాంకులో.

సాయం చేయాలనుంటే ఇంటి ఖర్చుల్లో మీ వాటా పెంచండి. ఆయన చేతిలో మిగిలింది వడ్డీ ఎక్కువున్న కార్డుకి పోనివ్వండి. అది నచ్చనప్పుడు ఆపుకోవచ్చు. లోన్ ఆపలేరు.

"సగం కట్టండి, సెటిల్ చేసేస్తాం" అని ఫోన్లు వస్తే సంబరపడొద్దు. పూర్తిగా తీర్చలేదని క్రెడిట్ రిపోర్టులో రాస్తారు, తర్వాత చాలా కాలం లోన్ పుట్టడం కష్టం.

ఆ కార్డుల మీద పాత భార్య పేరుతో ఇచ్చిన అదనపు కార్డు, అదే యాడ్ ఆన్ కార్డు, ఏదైనా బతికి ఉందేమో చూడమనండి. దాని మీద ఎవరు వాడినా బిల్లు ఈయనకే వస్తుంది.

---

ముక్కుసూటి రాశారు:

ఇంత చర్చ ఎందుకండీ? ఆయన పెళ్లి, ఆయన విడాకులు, ఆయన అప్పు. ఫైల్ దాచిన మనిషికి మీ స్కోర్ మాత్రం బాగా గుర్తుంది! సంతకం పెట్టకండి.

---

నెలాఖరు రాశారు:

ముక్కుసూటి గారూ, మా అమ్మ కూడా ఇదే అంది, కాకపోతే ఇంకాస్త గట్టిగా. మీరన్నది కాదనలేను. కానీ ఆ ఫైల్ తెరిచినప్పుడు ఆయన చేతులు వణకడం చూశాను. వాడుకుందామనుకున్న మనిషి చేతుల్లా లేవు.

---

"రెండోసారి" అనే పేరుతో ఒకాయన రాశారు:

చెల్లీ, నేను మీ ఆయన స్థానంలో ఉన్నవాణ్ణి. పదకొండేళ్ల కిందటి మాట.

ఎందుకు దాచారో నాకు తెలిసింది చెబుతాను. సమర్థించడం లేదు. నాకు ఒక్కో అప్పూ ఒక్కో వాయిదా రోజు. ఆ చేబదులు కౌన్సెలింగ్ రోజు తెచ్చింది, ఈ లోన్ లాయర్‌ని మార్చినప్పుడు తీసుకుంది. కవరు తెరిస్తే అంకె కనబడదు, కోర్టు వరండాలో బల్ల కనబడుతుంది. అందుకే కవర్లు తెరవడం మానేశాను. మానేసినందుకు పెనాల్టీలు పడ్డాయి, అవి చూసి ఇంకా మానేశాను.

ముఖ్యమైన మాట: ఆయన ఇచ్చిన లిస్టుని మొదటి లిస్టు అనుకోండి. నేను మా ఆవిడకు మూడు విడతల్లో చెప్పాను. మొదటిసారి బ్యాంకు అప్పులు, తర్వాత చేబదుళ్లు, చివర్న, అన్నిటికంటే చిన్నది, ఆఫీసులో అటెండర్ దగ్గర తీసుకున్నది. సిగ్గు మొత్తాన్ని బట్టి ఉండదు, ఎవరి దగ్గర తీసుకున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆయన్ని తన క్రెడిట్ రిపోర్టు తీయించి మీ పక్కన కూర్చుని చూడమనండి. చేబదుళ్లు అందులో రావు, అవి నోటితోనే చెప్పాలి.

మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతి: నెలలో మొదటి ఆదివారం అరగంట. ఒక నోటుబుక్, ఎవరికి ఎంత కట్టాం, ఎంత మిగిలింది. అరగంట అవగానే మూసేయాలి. మిగతా రోజుల్లో అప్పు మాట ఎత్తకూడదు, కొత్త కవరు వస్తే తప్ప. మొదటి రెండు నెలలు ఆ అరగంటలోనే పోట్లాడుకున్నాం. తర్వాత విసుగొచ్చి లెక్కలే చూసుకున్నాం.

ఆ 14ని మాత్రం అప్పుల వరసలోంచి తీసేయండి. అది తీరేది కాదు, తీర్చాల్సిందీ కాదు. నోటుబుక్‌లో వేరే పేజీలో రాసుకోండి. మా ఆవిడ అలా పేజీ మార్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

---

నెలాఖరు రాశారు:

మూడు వారాలకు మళ్లీ వస్తున్నాను.

సంతకం పెట్టనని చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఆయనే "అడగకుండా ఉండాల్సింది" అన్నారు. వాళ్ల ఆఫీసు జీతం పడే బ్యాంకులో ఆయన పేరు మీదే చిన్న లోన్ దొరికింది. ఒక కార్డుకి సరిపోయింది, మూసేశారు. రెండోది ఉంది. ఇంటి అద్దె ఇప్పుడు నేను కడుతున్నాను, ఆ తేడా దానికి పోతోంది.

రెండోసారి అన్నయ్యా, మీరన్న రెండో విడత వచ్చేసింది. వాళ్లక్క దగ్గర తీసుకున్నది చెప్పినదానికి రెట్టింపు. నోటుబుక్‌లో కొట్టేసి మళ్లీ రాశారు. నేను ఏమీ అనలేదు, అన్నం మాత్రం ఒక్కదాన్నే తినేశాను.

గుమాస్తా గారూ, యాడ్ ఆన్ కార్డు నిజంగానే బతికి ఉంది. రెండేళ్లుగా ఎవరూ వాడలేదట. బ్లాక్ చేయించాం. ఆ స్టేట్‌మెంట్లు తిరగేస్తుంటే ప్రతి నెలా ఒకే చిన్న మొత్తం కనబడింది. పిల్లల కార్టూన్ల యాప్ చందా. ఖాతా ఈయనదే, బాబు ఇంకా అందులోనే చూస్తున్నాడు. ఆయన ఫోన్ తీసి ఆపేయబోయారు. నేను ఆగమన్నాను. దాన్ని నా కార్డు మీదికి మార్చాను.

ముక్కుసూటి గారు తిడతారని తెలుసు. అది లోన్ కాదండీ, ఎప్పుడైనా ఆపుకోవచ్చు.

ఫ్లాట్ సంగతి లాయర్ దగ్గర ఉంది. ఈ నెల కంతు ఆవిడే కట్టారు, మెసేజ్ వచ్చింది.