నలభై ఏడేళ్లకి ఇల్లు వదిలి వెళ్లిపోతానంటే ఆపాలా, పోనివ్వాలా?

కావలి వాసి:
నా స్నేహితుడికి 47. సొంత షాపు, భార్య, ఇంటర్ చదివే కూతురు, టెన్త్ చదివే కొడుకు. తాగుడు లేదు, గొడవల్లేవు. ఆరు నెలలుగా రాత్రుళ్లు నిద్ర మాత్రం లేదు. షాపు తాళాలు భార్యకిచ్చేసి అరుణాచలం వెళ్లిపోతానంటున్నాడు. మన పెద్దలే వానప్రస్థం పెట్టారు కదా అంటాడు. ఏం చెప్పాలి?

ఒంగోలు అన్న:
పోనివ్వండి. ఇరవై ఏళ్లు ఎద్దులా చాకిరీ చేశాడు. లోపల చచ్చిపోయిన మనిషి ఇంట్లో కూర్చుంటే ఎవరికి లాభం? పిల్లలు వాళ్లే నిలదొక్కుకుంటారు.

గూడూరు అమ్మాయి:
"వాళ్లే నిలదొక్కుకుంటారు" అన్నదానికి నేను జవాబు చెప్పాలి. 2011లో మా నాయన అలాగే వెళ్లిపోయాడు. ఆయనకి 46, నేను తొమ్మిదో తరగతి. బండి తాళం ఫ్రిజ్ మీద పెట్టి, ఏటీఎం నంబరు కరెంటు బిల్లు వెనక రాసిపెట్టాడు. మూడో రోజుకి గానీ మాకు అర్థం కాలేదు.

మాది రొయ్యల సాగు. అప్పుడు గుంటలో అరవై రోజుల రొయ్య ఉంది. రాత్రి కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి. జనరేటర్ వేయడం నాయనకి తప్ప ఎవరికీ రాదు, అమ్మ వారంలో నేర్చుకుంది. టార్చి నోట్లో పట్టుకుని, చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందేమోనని వేళ్లతో తడిమి చూసేది. ఏడవడం నేను చూడలేదు. చేతులు మాత్రం వణికేవి.

ఆ పంట దక్కింది. కానీ పొలం, లోను నాయన పేరు మీదే. ఆయన సంతకం లేక ఏ పనీ జరగలేదు. విధవ కాదు కాబట్టి ఆ పింఛనూ రాదు. బొట్టు పెట్టుకుంటే ఒక మాట, పెట్టుకోకపోతే ఇంకో మాట.

వానప్రస్థం అన్నారు. మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఉన్నది, ఒంటిమీద ముడతలు పడి, జుట్టు నెరిసి, బిడ్డకి బిడ్డ పుట్టాక వెళ్లమని. అదీ భార్యని కొడుకులకి అప్పగించి, లేదంటే వెంట తీసుకుని. టెన్త్ చదివే కొడుకున్నవాడికి చెప్పిన మాట కాదది.

నేను వెళ్లొద్దనడం లేదు. నాయన ఎంత టెన్షన్ పడ్డాడో ఇప్పుడు తెలుస్తోంది. రాత్రంతా గట్టు మీదే కూర్చునేవాడు. ఏంది నాయనా అని మేమెవరం అడగలేదు, అది మా తప్పే. కానీ వెళ్లడం వేరు, మాయమవడం వేరు. భార్య ఎదురుగా కూర్చుని నాకు ఊపిరాడటం లేదని చెప్పమనండి. షాపుకి మనిషిని పెట్టుకుని నెల రోజులు వెళ్లి రమ్మనండి, రోజూ ఫోన్ ఎత్తమనండి. అంతకంటే ముందు డాక్టరుకి చూపించండి. ఆరు నెలలు నిద్ర లేకపోవడం వైరాగ్యం కాదు, జబ్బు కావచ్చు. ప్రభుత్వ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

ఒంగోలు అన్న:
అమ్మా, మీ బాధ కాదనను. కానీ చెప్తే వెళ్లనిస్తారా? ఏడుపులు, పెద్దమనుషుల పంచాయితీ. అది తట్టుకోలేకే చెప్పకుండా పోతారు.

నెల్లూరు కోర్టు పక్షి:
చట్టం సంగతి ఒక్కటి చెప్తా. సంపాదించగలిగీ భార్యాపిల్లల్ని పట్టించుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద భరణం అడగొచ్చు. 1955 హిందూ వివాహ చట్టంలో రెండేళ్లు వదిలేసి ఉన్నా, సన్యాసం పుచ్చుకున్నా విడాకులకి కారణమే. ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు కోర్టు భావించవచ్చు.

గూడూరు అమ్మాయి:
ఆ ఏడేళ్లూ మాకు పూర్తి కాలేదండీ. ఐదో ఏట ఒకసారి ఫోన్ వచ్చింది. "బాగున్నారా" అన్నాడు. అమ్మ ఫోన్ నా చేతికిచ్చి, మేత బకెట్ తీసుకుని గుంట దగ్గరికి వెళ్లిపోయింది.