అప్‌డేట్: పాత పికప్‌లో బయోడీజిల్ పోశాక ఏమైందంటే

మా 2008 మోడల్ డీజిల్ పికప్‌లో బయోడీజిల్ (పామాయిల్ లాంటి నూనెలతో చేసే ఇంధనం) పోయొచ్చా అని మూడు నెలల కిందట అడిగాను కదా. నేరుగా బి100, అంటే పూర్తి బయోడీజిల్ వద్దు, మామూలు డీజిల్‌లో 20 శాతం కలిపిన బి20తో మొదలుపెట్టమని చాలామంది అన్నారు. అలాగే చేశాను.

మొదటి రెండు ట్యాంకులు ఏ గొడవా లేదు. మూడో ట్యాంకులో లోడుతో ఘాట్ ఎక్కుతుంటే బండి ఊపు తగ్గి, గుక్కపట్టినట్టు ఆగిపోయింది. పంపు పోయిందేమోనని ఒకటే టెన్షన్! మెకానిక్ డీజిల్ ఫిల్టర్ విప్పితే నల్లటి మడ్డి. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మురికిని బయోడీజిల్ కరిగించి ఫిల్టర్‌లోకి తెచ్చిందట. అంటే తప్పు కొత్త ఇంధనానిది కాదు, పాత మురికిది. ట్యాంకు కడిగించి ఫిల్టర్ మార్చాం. మళ్లీ ఒక స్పేర్ ఫిల్టర్ సీటు కింద పెట్టుకున్నా, ఇప్పటిదాకా అవసరం పడలేదు.

మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ లైన్‌లో ఒక పాత రబ్బరు పైపు మెత్తబడి చెమర్చింది. దాన్ని ఇంధనానికి తట్టుకునే విటాన్ అనే రబ్బరు రకంతో మార్పించాను. ఖరీదెక్కువే, కానీ మాటిమాటికీ మార్చే పని లేదు.

మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పొగ మాత్రం తగ్గింది, వెనకాల బజ్జీల బండి వాసన! చలికాలంలో అరకు వెళ్లాల్సి వస్తే మామూలు డీజిలే పోస్తాను. పామాయిల్‌తో చేసిన బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరే మైనంలా గడ్డకడుతూ మసకబారడం మొదలవుతుంది.

బి100 ఆలోచన మానుకున్నాను.